నాన్నను కూడా అడిగారా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా ఊరు నరసాపురం దగ్గర. అమ్మ లేసు అల్లుతుంది. రెండేళ్ల క్రితం నాన్నకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట సరిగా రాదు కానీ మనం చెప్పేదంతా అర్థమవుతుంది. ఇంటికి వెళ్లినప్పుడల్లా ఫొటోలు తీస్తుంటాను. అమ్మ అరుగు మీద కూర్చుని లేసు అల్లడం, నాన్నకు అన్నం తినిపించడం, గడ్డం గీయడం, ఏడేళ్ల మా అక్క కూతురు నూతి దగ్గర నీళ్లు పోసుకోవడం, ఇలా ఇంట్లో రోజూ జరిగేవే. వాటిని ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే చాలామందికి నచ్చాయి. ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక గ్యాలరీ వాళ్లు పదిహేను ఫొటోలు ప్రదర్శనకు ఇమ్మన్నారు. అంతలో, అమ్మ నాన్నకు స్నానం చేయిస్తున్న ఫొటో అక్క కంటపడింది. "నాన్నని ఊరందరికీ ఇలా చూపిస్తావా?" అని ఏడ్చి నాతో మాట్లాడటం మానేసింది. అక్క పాలకొల్లులో ఉంటుంది. రోజు విడిచి రోజు వచ్చి అమ్మకు సాయం చేస్తుంది. అమ్మను అడిగితే "నీ ఇష్టం తల్లీ" అంది. నేను అవన్నీ ప్రేమతోనే తీశాను. నేను తీసిన ఫొటోల మీద హక్కు నాది కాదా? అసలు తీయడమే మానేయాలా?

జవాబు: తీయడం మానేయకండి. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు. అయితే ఇది చదవడం పూర్తికాగానే ఒక పని చేయండి. నాన్నగారి స్నానం ఫొటోనూ, పాప నీళ్లు పోసుకుంటున్న ఫొటోనూ ఇన్‌స్టాగ్రామ్ నుంచి తప్పించండి. చెరిపేయడానికి మనసొప్పకపోతే ఆర్కైవ్‌లో పెట్టండి. అప్పుడు మీకు తప్ప ఎవరికీ కనబడవు. అవి చెడ్డ ఫొటోలని నేననడం లేదు. వాటిలో ఉన్నవాళ్లు ఇంకా సరేననలేదు. నాన్నగారు సరేనంటే ఆయన ఫొటో మళ్లీ పెట్టుకోవచ్చు. పాప ఫొటో మాత్రం ఎప్పటికీ వద్దు. ఎందుకో తర్వాత చెప్తాను.

మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే ఒక లోటు కనబడింది. అక్క ఏమందో రాశారు. అమ్మ ఏమందో రాశారు. గ్యాలరీ వాళ్లు ఏమడిగారో రాశారు. నాన్నగారు ఏమన్నారో ఎక్కడా లేదు. ఆయన్ని అడిగినట్టే లేదు. ఆ ఫొటోలో తువ్వాలు చుట్టుకుని పీట మీద కూర్చున్న మనిషి ఆయన. మిగతా అందరి అభిప్రాయాల కంటే ముందు రావలసినది ఆయన అభిప్రాయం.

మాట రాదు కాబట్టి అడగాలని ఎవరికీ తట్టి ఉండదు. పక్షవాతం వచ్చిన ఇళ్లలో ఇది తరచూ చూస్తుంటాం. కుడివైపు పడిపోయిందంటే దెబ్బ తగిలింది మెదడు ఎడమ భాగానికి. చాలామందిలో మాటను నడిపించేదీ ఆ భాగమే. అందుకే కుడి చెయ్యి, మాట కలిసి పోతుంటాయి. మాట కూడదీసుకోలేకపోయినా, ఎదుటివాళ్లు అన్నది గ్రహించేవాళ్లు, తమకేం కావాలో తెలిసినవాళ్లు వాళ్లలో ఎందరో ఉంటారు. మీ నాన్నగారికి అన్నీ అర్థమవుతాయని మీరే రాశారు. అయినా చూడవచ్చిన చుట్టాలు ఆయన ఎదురుగానే ఉండి "ఏమన్నా తింటున్నారా?" అని అమ్మను అడుగుతారు. ఆయన్ని అడగరు. మీ కెమెరా కూడా ఆ చుట్టాల్లాగే ప్రవర్తించింది.

అడగడానికి పద్ధతి ఉంది. గ్యాలరీకి ఇద్దామనుకున్న ఫొటోలను మామూలు సైజులో ప్రింట్ వేయించండి. ఫోన్‌లో చూపించవద్దు. ఆ చిన్న తెర మీద పెద్దవాళ్లకు ముఖం కవళికలు తెలియవు. ఉదయం టిఫిన్ అయ్యాక ఆయన హుషారుగా ఉన్న వేళ, చుట్టూ జనం లేకుండా చూసుకుని, ఒక్కో ఫొటో ఎడమ చేతికివ్వండి. "నాన్నా, దీన్ని హైదరాబాద్‌లో ఒక హాల్లో గోడకు పెడతారు. మనకు తెలియనివాళ్లు వచ్చి చూస్తారు. పెట్టనా, వద్దా?" అని అడగండి. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలే వేయండి. జవాబుకు టైం పడుతుంది, ఈలోగా మీరు మాట అందించకండి. సరే అన్నవి ఒక పక్క, వద్దన్నవి ఇంకో పక్క పెట్టమనండి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. పక్షవాతంతో మాట దెబ్బతిన్నవాళ్లు కొందరు అవుననబోయి కాదంటారు, కాదనబోయి తల నిలువుగా ఊపుతారు. అందుకని మర్నాడు అవే ఫొటోలు వరస మార్చి మళ్లీ ఇవ్వండి. రెండు రోజులూ సరే అన్న పక్కకే వెళ్లినవే ఆయన ఒప్పుకున్నట్టు లెక్క. అనుమానం మిగిలితే అది వద్దన్నట్టే అనుకోండి.

ఆయన ఏది వద్దంటారో మీరు ఊహించలేరు. స్నానం ఫొటోకి సరేనని, అన్నం మెతుకు గడ్డం మీద ఉన్న ఫొటోను పక్కకు నెట్టేయవచ్చు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రానికి చెందిన శాలీ మాన్ అనే ఫొటోగ్రాఫర్ తన ముగ్గురు పిల్లలను ఏళ్ల తరబడి తీసి 1992లో పుస్తకంగా వేశారు. వేసవిలో ఏటి ఒడ్డున ఆడుకునే ఆ పిల్లలు కొన్ని ఫొటోల్లో బట్టలు లేకుండానే ఉంటారు. దాని మీద అప్పుడు పెద్ద గొడవ జరిగింది. 2025లో కూడా టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో ఒక మ్యూజియం నుంచి పోలీసులు ఆ ఫొటోలు కొన్ని పట్టుకెళ్లారు. కేసు మాత్రం నిలబడలేదు. పుస్తకం వేసే ముందు, మీరు వద్దన్న ఫొటో వేయనని ఆమె పిల్లలకు మాటిచ్చారు. కొడుకు వద్దన్నది ఏదో తెలుసా? చేతులకు సాక్సులు తొడుక్కుని ఉన్న ఫొటో. అందులో ఒంటి మీద బట్టల్లేవు, ఆ పిల్లాడికి అది పట్టలేదు. సాక్సులతో వెర్రివాడిలా కనబడతానని వాడి బాధ. పిల్లల ఫొటోలు అలా ప్రపంచానికి చూపడం నాకు సమ్మతం కాదు. ఏడేళ్ల వయసులో చెప్పిన "సరే" ఇరవై ఏడేళ్ల మనిషిని కట్టిపడేయకూడదు. కానీ ఆ సాక్సుల సంగతి నేను చాలామందికి చెప్తుంటాను. ఎవరికి ఏది సిగ్గో వాళ్లకే తెలుసు. పక్కన కూర్చుని అడిగితే తప్ప బయటపడదు.

ఇక అమ్మ అన్న "నీ ఇష్టం తల్లీ" గురించి. బియ్యం ఏవి తేవాలన్నా, పండక్కి ఏ చీర కొనాలన్నా మన అమ్మలు ఆ మాటే అంటారు. కూతురి మీద ప్రేమతో అన్న మాట అది. ఆవిడకు ఇన్‌స్టాగ్రామ్ అంటే ఏమిటో, గ్యాలరీలో ఎవరు చూస్తారో తెలిస్తే కదా అది అనుమతి అయ్యేది? తెలిసేలా చెప్పండి. పేర్లు పెట్టి అడగండి. "అమ్మా, ఇది లేసు ఏజెంటు చూస్తే ఫర్వాలేదా? పాలకొల్లులో అక్క అత్తగారు చూస్తే? నువ్వు నైటీలో ఉన్నది పేపర్లో వస్తే?" అప్పుడు ఆవిడ మొహం చూడండి. ఏజెంటు ప్రస్తావన ఊరికే తేలేదు. దారం ఇచ్చేది, అల్లిన ముక్కలు పట్టుకెళ్లి డబ్బు లెక్కకట్టేది ఆయనే. అమ్మ ఫొటో కింద చాలీచాలని కూలి గురించి గ్యాలరీ వాళ్లు నాలుగు మాటలు రాస్తే, అవి నిజమే అయినా, రేపు పని ఆగిపోయేది అమ్మకి. ఆ రిస్కు తీసుకోవాలో వద్దో తేల్చుకోవలసింది ఆవిడే. తీసుకుంటానన్నా అనవచ్చు. తరాలుగా నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు గంటల తరబడి చేసే ఈ పనిని తీరిక వేళ కాలక్షేపంగా జమకట్టారు. ఆ చేతులు పని చేస్తున్నాయని మీ ఫొటోలు చెప్తున్నాయి. ఆ మాట లోకానికి చెప్పాలని అమ్మకూ ఉండొచ్చు.

ఎవరు తీస్తారు, ఎవరు చూస్తారు అన్నది చూసుకునే ఆడవాళ్లు ఫొటో దిగడం మన దగ్గర పాత సంగతే. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఘోషా స్త్రీల కోసం విడిగా జెనానా స్టూడియో పెట్టి, దాని నిర్వహణ ఒక ఇంగ్లిష్ మహిళకు అప్పగించారు. ఫొటో దిగాలని ఆ ఆడవాళ్లకూ ఉండేది. వాళ్ల షరతులు కుదిరిన చోట దిగారు. మీ అమ్మగారికీ షరతులు ఉంటాయి. ఆ నీలం చీర కట్టుకున్నప్పుడు తీసినది పెట్టుకో, ఇది వద్దు అనవచ్చు. మీ దృష్టిలో ఆ వద్దన్న ఫొటోయే గొప్పది కావచ్చు. అయినా ఆవిడ చెప్పిందే చేయండి.

హక్కు ఎవరిదని అడిగారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు మీ కోసం తీసిన ఫొటోల మీద హక్కు మీదే. మీ అనుమతి లేకుండా ఎవరూ వాటిని అచ్చువేసుకోకూడదు. అది మీకూ ఆ ఫొటోలు వాడుకోవాలనుకునే బయటివాళ్లకూ మధ్య సంగతి. మీకూ నాన్నకూ మధ్య వ్యవహారాన్ని ఆ చట్టం తేల్చదు. గోప్యత ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అయినా ఇంట్లోవాళ్లతో సెక్షన్లు మాట్లాడుకునే పరిస్థితి మీకు రాకూడదనే నా కోరిక. నేనైతే తీయడాన్నీ చూపించడాన్నీ వేరు చేసి చూస్తాను. తీయడానికి మీ ఇంట్లో మీకున్న చనువు చాలు, ఎవరైనా వద్దంటే ఆగితే చాలు. నలుగురికీ చూపించాలంటే మాత్రం ఒక్కో ఫొటోకీ అందులో ఉన్న ఒక్కొక్కరినీ అడగాలి. పోయినసారి సరేనన్నారు కదా అని ఈసారి అడక్కుండా ఉండకూడదు.

అక్క దగ్గరికి వద్దాం. మీరు రాసిన దాంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది, అక్క రోజు విడిచి రోజు వస్తుందన్న వాక్యం. ఆ స్నానం ఫొటో లాంటివి ఆవిడకు ఫొటోలు కావు. బకెట్టు మోసేది, పట్టుకుని లేపేది, మంచం మీద గుడ్డలు మార్చేది ఆవిడ. మీరు సెలవు పెట్టి వచ్చి రెండు రోజులుండి కెమెరా తీస్తారు. దాన్ని చూసి జనం మిమ్మల్ని మెచ్చుకుంటారు. ఆవిడ నోట పరువు మాట వచ్చినా, మనసులో ఈ నొప్పి కూడా ఉండి ఉంటుందని నా అనుమానం. నేను పొరబడి ఉండవచ్చు. కానీ అక్కకు ఫోన్ చేసి ఫొటోల గురించి వివరణ ఇవ్వడం కంటే, ఈసారి వెళ్లినప్పుడు కెమెరా బీరువాలో పెట్టి, నాన్న స్నానం, మందులు, రాత్రి లేవడం అన్నీ మీరు చూసుకుని అక్కని ఇంటి దగ్గర ఉండమనండి. పని మీ చేతికి వచ్చాక మీరు తీసే ఫొటోలు కూడా మారతాయి. ఇది నేను చాలామంది దగ్గర గమనించాను. సేవ చేస్తున్న మనిషి తీసినదానికీ, గుమ్మంలో నిలబడి చూసిన మనిషి తీసినదానికీ తేడా ఫొటోలో తెలిసిపోతుంది.

ఆ తర్వాత ప్రింట్లన్నీ అక్క ముందు పెట్టండి. ఏవి తీసేయాలో చెప్పమనండి. ఏవి లేవో కూడా చెప్పమనండి. నాన్న పొద్దున్నే ఎడమ చేత్తో పేపర్ తిరగేస్తారని, క్రికెట్ చూస్తూ కసురుకుంటారని, మనవరాలు లెక్కలు చేస్తుంటే తప్పు దగ్గర వేలు పెడతారని ఆవిడ అనవచ్చు. మీరు రాసిన వాటిలో అన్నం తినిపించడం, గడ్డం గీయడం, స్నానం, అన్నీ ఎవరో ఆయనకు చేస్తున్నవే. ఆయన తనంతట తాను చేసేది ఒక్కటీ లేదు. జబ్బు పడ్డవాళ్లను తీసేటప్పుడు ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది, ఎందుకంటే కన్నీరు తెప్పించే ఫొటోకే మెప్పు ఎక్కువ. మీ నాన్నగారి రోజులో ఉన్నది జబ్బు ఒక్కటే కాదు, మిగతా బతుకూ ఉంది. దాన్నీ తీయండి.

లారీ సుల్తాన్ అనే కాలిఫోర్నియా ఫొటోగ్రాఫర్ తన తల్లిదండ్రులను ఏళ్ల తరబడి తీశారు. ఆ ఫొటోల్లో దిగులుగా కనబడే మనిషిని నేను కాదని తండ్రి కొడుకుతో వాదించేవారు. 1992లో ఫొటోలు పుస్తకంగా తెచ్చినప్పుడు కొడుకు ఆ వాదనను దాచలేదు. తల్లిదండ్రుల మాటలు కూడా ఫొటోల పక్కనే పెట్టారు. మీరూ అలా చేయవచ్చు. అమ్మ ఫొటో కింద ఏం రాయాలో అమ్మ చెప్తుంది. మీరు తన యాసలోనే, తన మాటల్లోనే రాసుకోండి.

మానేయవద్దని ఎందుకన్నానో చెప్పాలి. మన ఊళ్లలో ఎవరైనా పోతే పెద్దకర్మ నాటికి దండ వేయడానికి ఫొటో వెతుకుతారు. మగవాళ్లదైతే ఏదో ఒకటి దొరుకుతుంది. ఆడవాళ్లది, అందులోనూ వెనకటి తరం వాళ్లది, దొరకదు. పెళ్లి గ్రూప్ ఫొటోలో మూడో వరసలో సగం కనబడే ముఖాన్నో, ఆధార్ కార్డు మీద ముఖాన్నో స్టూడియో అతనికిస్తే, దాన్ని పెద్దది చేసి, వెనక నీలం రంగు వేసి, లేని చీర తొడిగి ఇస్తాడు. ఎన్నో ఇళ్లలో అమ్మమ్మలూ నాయనమ్మలూ అలాగే గోడకెక్కారు. ఆవిడ పొయ్యి ముందు ఎలా కూర్చునేదో, నవ్వితే ఎలా ఉండేదో, మనవల దగ్గర ఒక్క ఆనవాలూ ఉండదు. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందన్న భయం కొంత, ఫిల్ము ఖరీదు కొంత, పండగలకీ పెళ్లిళ్లకీ తప్ప కెమెరా బయటికి తీయకపోవడం కొంత. పెళ్లి రోజు కూడా ఆవిడ వంటల దగ్గరే ఉండేది. మీరు మామూలు రోజున అరుగు మీద అమ్మను తీస్తున్నారు. ఆ పని ఆపితే నష్టపోయేది మీ అక్క కూతురి తరం.

కాకపోతే తీసి ఫోన్‌లో వదిలేస్తే తీయనట్టే. ఫోన్ పోతే అన్నీ పోతాయి. రెండు కాపీలు ఉంచండి, ఒకటి ఆ ఇంట్లో కాకుండా ఇంకోచోట. మీది తుఫాన్లు, వరదలు వచ్చే ప్రాంతం. ఏడాదికి కొన్నయినా ప్రింట్లు వేయించి, వెనక మెత్తటి పెన్సిల్‌తో పేరు, ఊరు, తేదీ రాయండి. జిగురు పేజీలుండే ఆల్బమ్ కొనవద్దు, కొన్నాళ్లకు ఫొటో దానికి అతుక్కుపోతుంది. కెమెరా అప్పుడప్పుడు అమ్మకో, పాపకో ఇచ్చి మీరూ ఫొటోలో దిగండి. వాళ్ల కంటికి మీరెలా కనబడతారో తెలిస్తే, మీరు వాళ్లను చూపే తీరు గురించి చాలా తెలుస్తుంది. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి ఉమ్రావ్‌సింగ్ భార్యనూ కూతుళ్లనూ దశాబ్దాల పాటు ఇంట్లోనే ఫొటోలు తీశారు, అంతే శ్రద్ధగా తననూ తీసుకున్నారు. వాళ్లను నిలబెట్టిన చోట తానూ నిలబడ్డారు.

పాప విషయం. ఆ అమ్మాయి ఫొటో బయట పెట్టాలా వద్దా అన్నది అక్క, బావ కలిసి చెప్పాలి, పాప కూడా చెప్పాలి. పిన్ని ఒక్కతే తీసుకోవలసిన నిర్ణయం కాదు. ఫ్రాన్సులో 2024 ఫిబ్రవరిలో చట్టమే చేశారు. పిల్లల ఫొటోల విషయంలో తల్లిదండ్రులిద్దరూ కలిసి బాధ్యత తీసుకోవాలని, వయసును బట్టి పిల్లల్నీ అడగాలని అందులో ఉంది. స్నానం చేస్తున్న ఫొటో మాత్రం ఎవరు ఒప్పుకున్నా నెట్‌లో పెట్టకూడదు. అలాంటివి వెతికి దాచుకునే దుర్మార్గులు ఉన్నారు. ఇప్పుడైతే మామూలు బట్టల్లో ఉన్న పిల్లల ఫొటోను కూడా అసహ్యంగా మార్చేసే యాప్‌లు వచ్చాయి. యూనిఫామ్ మీద బడి పేరు, ఇంటి గేటు, రోజూ ఎక్కే ఆటో, ఇవి కూడా కనబడకుండా చూసుకోండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో ఫైలులోనే మీ ఇల్లు ఎక్కడుందో నమోదవుతుంది. దాన్ని సెట్టింగ్స్‌లో ఆపేయండి. ఆ నూతి దగ్గర ఫొటోకి ఒక ప్రింట్ వేసి ఇంటి ఆల్బమ్‌లో పెట్టండి. పెద్దయ్యాక దాన్ని ఏం చేసుకోవాలో ఆ పిల్లే చూసుకుంటుంది.

గ్యాలరీ వాళ్లకు ఇప్పుడే సరేనని రాయకండి. ఇంట్లోవాళ్లు చూడవలసి ఉందని చెప్పి కొంత గడువు అడగండి. కొన్ని సంగతులు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఏ ఫొటోలు, ఎన్ని రోజులు, పోస్టర్ల మీద, పేపర్లలో, వాళ్ల వెబ్‌సైట్‌లో వాడతారా, ప్రింట్లు అమ్ముతారా, ఫొటో కింద ఎవరి మాటలు ఉంటాయి అని. అమ్మగానీ నాన్నగానీ మధ్యలో వద్దంటే ఆ ఫొటో గోడ నుంచి దించాలన్నది కూడా ఆ కాగితంలో ఉండాలి. అమ్మకం ఉంటే వచ్చిన దాంట్లో అమ్మ వాటా ముందే తేల్చండి. పదిహేను అడిగారు కాబట్టి పదిహేనూ ఇవ్వాలని లేదు. నాన్నగారూ అమ్మా అక్కా చూశాక ఎనిమిదే మిగిలితే ఎనిమిదే పంపండి. గడువు కుదరదంటే ఈ ప్రదర్శన వదిలేయండి. ఈసారి ఊరు వెళ్లేటప్పుడు ప్రింట్లు సంచిలో పెట్టుకుని, బస్సు పాలకొల్లులో దిగి ముందు అక్క ఇంటికి వెళ్లండి.